పట్టుకెళ్ళిన మాట

పెద్ద డాక్టరుగారు పోయారన్న కబురు నాకంటే ముందు వరండాలో బల్ల మీద కూర్చున్న పేషెంట్లకి తెలిసింది. ఓపీ మధ్యలో కాంపౌండరు లోపలికొచ్చి, "అమ్మా, తెల్లారగట్ల నిద్రలోనే పోయారంటండి," అన్నాడు. మామూలుగా మా వరండా చేపల సంతలా ఉంటుంది. ఆ పూట బయట ఒక్క దగ్గు కూడా వినపడలేదు.

నాకు వైద్యం నేర్పిన కాలేజీ వేరే. నేను వైద్యం ఎలా చేస్తున్నానో నా మొహం మీద చెప్పింది మాత్రం ఆయనొక్కరే. చేతులు వణకడం మొదలవగానే, ఉప్పాడ రోడ్డు మీదున్న తన ఆసుపత్రిలో కుర్చీ నాకిచ్చేసి, ఆయన బయట పేషెంట్ల బల్ల చివరికి మారిపోయారు. నేత పంచె, భుజాన తువ్వాలు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన్నీ ఒక రోగే అనుకునేవారు.

నా గదిలోంచి వచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, "డాక్టరమ్మగారు ఏం చెప్పారండి?" అని అడిగేవారు. వాళ్ళు పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవారు. కిటికీలోంచి ఆ గొణుగుడు నాకు వినపడేది, మాటలు మాత్రం తెలిసేవి కావు. ఓపీ అయ్యాక చెప్పులు గుమ్మం బయట వదిలి, లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసి, ఏదో ఒక్క విషయం చెప్పి వెళ్ళిపోయేవారు.

మొదటిసారి చెప్పింది ఇప్పటికీ గుర్తే. "ఆ మేష్టారు బీపీ మాత్ర తలనొప్పి వచ్చినప్పుడే వేసుకోవాలనుకుంటున్నారమ్మా."

"రోజూ వేసుకోమని శుభ్రంగా చెప్పానండి," అన్నాను రోషంగా.

"నువ్వు చెప్పింది నాకెందుకమ్మా? ఆయన పట్టుకెళ్ళింది ఏంటో చెప్తున్నాను."

నిజం చెప్పొద్దూ, ఆ వారమంతా ఆయన మీద కారాలు మిరియాలు నూరాను. మాది నిడదవోలు, మాట పడే రక్తం కాదని మా అమ్మ దగ్గర ఫోన్లో గొప్పలు కూడా పోయాను. అవతల మేష్టారు మాత్రం రోజూ మాత్ర వేసుకోవడం మొదలుపెట్టారు.

మెచ్చుకోవడంలోనూ ఆయనది అదే పద్ధతి. బాగా చేశావు అని ఊరికే అనేవారు కారు. "ఆ ముసలమ్మ ఏడుస్తుంటే నువ్వు రాయడం ఆపి చూశావంట. అది వదులుకోకు," అనేవారు. ఏది వదులుకోకూడదో తెలిస్తే మనిషికి ఎంత ధైర్యమో అప్పుడు తెలిసింది. తప్పయినా మెప్పయినా పదిమందిలో ఎప్పుడూ అనలేదు. మర్నాటికి దాచీ అనలేదు. "చద్దన్నం తినొచ్చు గానీ చద్ది మాట ఒంటికి పట్టదమ్మా," అని నవ్వేవారు.

పెద్దకర్మ అయ్యాక ఆసుపత్రి మళ్ళీ తెరిచాం. నాకు ఒకటే దిగులు. పొగిడేవాళ్ళకి కొదవ లేదు, దండం పెట్టి వెళ్ళేవాళ్ళకీ కొదవ లేదు. నా తప్పు ఎవరి ప్రాణం మీదికైనా వచ్చేలోపు నాకు చెప్పే మనిషి ఏడి?

ఆ పూటే కిటికీలోంచి గొణుగుడు వినపడింది. ఎవరో ఫోన్ మాట్లాడుతున్నారనుకుని లేచి చూశాను. మా పాత పేషెంటు ఒకావిడ, బల్ల చివర మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చుని, ఆ ఖాళీ వైపు తిరిగి తన మందులు అప్పజెబుతోంది. చెప్పడం అయ్యాక కాసేపు ఆగి, తల ఊపి, లేచి వెళ్ళిపోయింది. ఆమె లేచిన చోట ఇంకొకాయన కూర్చుని, ఆ ఖాళీ వైపే తిరిగాడు.

"అలవాటండి," అన్నాడు కాంపౌండరు నా వైపు చూడకుండా. జనం నిలబడి ఉన్నా ఆ చివర ఎవరూ కూర్చోవడం లేదు. నేనూ అలవాటే అనుకున్నాను.

నిన్న ఉప్పాడ నుంచి ఒక మత్స్యకారుడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ మా ఆసుపత్రి గడప తొక్కడం అదే మొదలు. అతనికి షుగరు బాగా ఎక్కువగా ఉంది. గట్టి మాత్ర రాసి, పొద్దున్నే వేసుకుని టిఫిన్ చెయ్యమని చెప్పాను. అర్థమైందా అంటే ఇద్దరూ తలూపి బయటికెళ్ళారు. తర్వాతి పేషెంటును పిలిచేలోపే ఆమె ఒక్కతే తిరిగొచ్చింది.

"బయట పెద్దాయన పంపారండి. మావోడు వేటకెళ్తే కూడు ఎప్పుడు తింటాడో డాక్టరమ్మగారు అడిగారా అన్నారు. లేదన్నానండి. లోపలికెళ్ళి చెప్పిరా అన్నారండి."

ఏ పెద్దాయన అని అడగలేదు. "ఎప్పుడు తింటాడమ్మా?" అని మాత్రం అడిగాను.

"వల లాగాకేనండి. ఒక్కోసారి మధ్యాన్నం దాటిపోద్దండి."

ఆ మాత్ర వేసుకుని తిండి ఆలస్యమైతే షుగరు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పడవ అంచున వంగి వల లాగే మనిషి. వెంటనే మందు మార్చి రాశాను. ఎలా వేసుకోవాలో ఆమె చేత చెప్పించుకుని, పంపించి, అప్పుడు కిటికీ దగ్గరికెళ్ళాను.

వరండాలో ఆమె భర్త ఇంకా బల్ల మీదే ఉన్నాడు. తన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, పక్కనున్న ఖాళీ వైపు చెవి ఒగ్గి, శ్రద్ధగా వింటున్నాడు. చాలాసేపు విన్నాడు.

"ఆయ్," అన్నాడు చివరికి. "అలాగేనండి."