మా వాడి విమానానికి నేను కాపలా

ఈ సాయంత్రం మా పెద్దాడు బందరు సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బ మీంచి తను చేసిన చెక్క విమానం ఎగరేశాడండీ! దానికి ఇంజను లేదు. గాలే మోస్తుంది, చేతిలో రేడియో పెట్టెతో వాడు తిప్పుతాడు. అది ఎవరికీ తగలకుండా జనాన్ని దూరంగా ఉంచడం నా పని. నేనేం చేశాను? విమానం లేవగానే ఒళ్ళు మరిచిపోయి, "రండర్రా, మా వాడి విమానం చూడండి!" అని ఒడ్డంతా కేకేశాను. విమానం దిగాల్సిన చోటంతా జనమే!

"నాన్నగారూ, పంపించెయ్యమంటే పిలుస్తారేంటండీ? ఇప్పుడెక్కడ దించను?" అని దిబ్బ మీంచి మా వాడి అరుపులు.

అక్కడ వల ఆరేసుకుంటున్న నూకాలమ్మ చూసింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆ పెద్ద వలంతా ఇసుక మీద పరిచేసి, "ఎవరైనా తొక్కారో, చూడండి!" అంది. తొక్కిన వలకి చేపలు పడవని ఇక్కడ అందరికీ భయం. ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. విమానం కొంగలా వచ్చి వల మధ్యలో వాలింది. ప్రభువుకి స్తోత్రం!

నేను సంబరంగా పరిగెత్తబోయాను.

"మావయ్యగారూ, ముందు ఆగాల్సింది మీరు!" అంది నూకాలమ్మ.

రేపు కూడా ఎగరేస్తాడట. అందరూ రండి, చూసి ఎలా ఉందో చెప్పండి. నేను పిలిచానని మాత్రం మా వాడితో అనకండేం!