కళ్ళు తెరిచిన సీతాఫలాలు

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో మా వదినె సీతాఫలాలు అమ్మేది. శంషాబాద్ గుట్టల్లో కాయలు తెంపి, తోటి ఆడవాళ్ళు ఇద్దరితో కలిసి నా ఎడ్లబండిలో పట్నం మీరాలం మండికి వచ్చేది. బొగ్గుతో నడిచే బస్సు ఒకటి ఉండేది కానీ గంపలు కనిపిస్తే ఆగేది కాదు. గంపలో గట్టికాయలు అడుగున, కళ్ళు తెరిచినవి, అంటే పండబోతూ గీతలు తెల్లగా విచ్చుకున్నవి, పైన సర్దేది. పైవి ఆ పూటే అమ్ముడుపోవాలి. మెత్తబడితే ఎవరూ ముట్టరు.

ఆ రోజు గగన్‌పహాడ్ దగ్గర ఇంకో బండివాడు మమ్మల్ని దాటిపోతూ, "ఏందన్నా, ఎడ్లు పండుకున్నయా?" అన్నాడు.

"వద్దు మరిదీ, పండ్లు చితుకుతయ్!" అంది వదినె, నా మొహం చూసి.

నేను వింటేనా! ములుగర్ర ఎత్తగానే ఎడ్లు తోకలెత్తి ఉరికాయి. గజ్జెల మోత, దుమ్ము, ఆడవాళ్ళ తిట్లు. తిడుతున్నవాళ్ళలోనే ఒకామె, "కొట్టన్నా, వాణ్ణి దాటియ్యి!" అని అరిచింది. కాటేదాన్ దగ్గర దాటేశాను. కేక పెట్టబోతుండగానే బండి ఒరిగి, చక్రం ఊడి పక్కకు దొర్లింది. ఇరుసు చివర చీల వదులైందని నాకు తెలుసు. పొద్దున కొట్టి బిగించడానికి బద్ధకించాను.

ఆడవాళ్ళు వాటేసుకోబట్టి గంపలు నిలిచాయి. "ఇగ నడుసుడే" అంటూ తలా ఒకటి ఎత్తుకున్నారు. వదినెదే ఇంకొకటి మిగిలింది. "నువ్వెత్తుకో మరిదీ."

నేను దాటేసిన బండివాడు వెనకే వచ్చి ఆగి, "ఎడ్లను నేను చూస్త పో. మొగోడు నెత్తిన గంప పెట్టుకుంటే నేను గూడ చూడాలె" అని నవ్వాడు. ఆ నవ్వుకు జడిసి, బస్తా ఎత్తినట్టు గంపను భుజాన పెట్టుకున్నాను.

"బుజం మీద ఒరుగుతది, నెత్తిన పెట్టుకో" అంది వదినె. వినలేదు. అడుగడుగుకూ పండ్లు జారి చిట్లుతున్నాయి. రసం వీపున కారుతోంది. పురానాపూల్ దగ్గర వదినె వెనక్కి తిరిగి చూసింది.

"పండ్లన్ని నీ ఈపుకే అమ్మినవా?"

తలపాగా విప్పి, గంప కింద కుదురుగా నెత్తిన చుట్టుకున్నాను. ఆమె గంప ఎత్తి పెట్టింది. మెడ భుజాల్లోకి దిగిపోయినట్టయింది. ఆడవాళ్ళు నడవలేదు, పరుగెత్తారు. వాళ్ళ వెనకే నేనూ. "జరుగుండ్రి! జరుగుండ్రి!" టాంగాల మధ్య నుంచి, సైకిళ్ళ మధ్య నుంచి. "మొగోడు గంపెత్తిండు చూడుండ్రి!" అని ఎవరో అరిచారు. అయినా ఆగబుద్ధి కాలేదు.

మండిలో గంపలు దించీ దించకముందే జనం మూగారు. నా గంపలో మాత్రం సగానికి పైగా చితికిపోయాయి. వదినె చితికిన పండు ఒకటి నా చేతిలో పెట్టింది. రోజూ వాళ్ళు మండి ముందు బండి దిగి గంపలు మోసుకుపోతుంటే, బండి మీద కూర్చుని "జల్ది నడువుండ్రి" అని కసిరినవాణ్ణి నేను.

పండు తిని బండి దగ్గరికి బయలుదేరాను. వెనక నుంచి వదినె పిలిచింది. మెడ తిరగక, ఎద్దులాగా ఒళ్ళంతా తిప్పి చూశాను. ముగ్గురూ పకపకా నవ్వారు.

"మరిదీ, ముందుగాల ఆ చీల గట్టిగ కొట్టు!"