పద్నాలుగు వేలకు పోయిన కెమెరా

మా బాపుకు సగం ఫోటోలంటే పడదు. ఆయనకనే కాదు, మా నెల్లికుదురు దిక్కు ముసలివాళ్లకు ఎవరికీ పడదు. జనగామలో నేను స్టూడియో పెట్టిన కొత్తల్లో, ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు అనే మాట ఒకటే: "కాళ్లు రావాలె బిడ్డా." కాళ్లు కనబడని ఫోటో చచ్చినోళ్ల ఫోటో అని వాళ్ల నమ్మకం. గోడకు తగిలించి దండ వేసేవన్నీ నడుము దాకా ఉన్నవే కదా మరి! రేషన్ కార్డు కోసం బాపును కూర్చోబెట్టి తీస్తే, ఫోటో చేతిలో పట్టుకుని "మరి కాళ్లేవిరా?" అని అడిగాడు. తర్వాత ఒకటి నిలబెట్టి తీస్తేగానీ ఊరికి కదలలేదు.

కాళ్ల మీద ఆయనకు అంత పట్టింపు ఉండటంలో వింతేమీ లేదు. బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నడుముకు మోకు చుట్టుకుని, పొద్దున పది చెట్లు, సాయంత్రం పది చెట్లు ఎక్కి దిగిన మనిషి. మమ్మల్ని సాకింది ఆ రెండు పాదాలే.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. సమ్మె నడుస్తోంది. బస్సులు బంద్, ఆఫీసులు బంద్, బడులు బంద్. పెళ్లిళ్లు కూడా వాయిదా వేసుకుంటున్నారు, ఇక నా స్టూడియోకు వచ్చేదెవరు? అయినా నాకు చింత లేదు. చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే, కెమెరా మెడలో వేసుకుని ఉత్త పుణ్యానికి ఫోటోలు తీసేవాణ్ని. ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో పట్టేది కాదు. అదో పిచ్చి. ఇప్పటికీ దాన్ని తప్పు పట్టను.

ఆ సమ్మెలోనే బాపు పాదంలో ఈత ముల్లు దిగింది. అసలే షుగర్ మనిషి. ఎవరికీ చెప్పకుండా పసుపు పెట్టుకుని వారం రోజులు చెట్లెక్కాడు. వాసన వస్తే అమ్మ గుర్తుపట్టింది. ఎవరిదో ట్రాలీ ఆటో బతిమాలుకుని జనగామ తెచ్చి ఒక ప్రైవేటు దవాఖానలో చూపించాం. డాక్టరు కట్టు విప్పి చూసి, "బొటనవేలు తీసేసి శుభ్రం చేస్తే పాదం నిలబడుతుంది. మూడు రోజుల్లో చేసెయ్యాలి. ముందు పాతిక వేలు కట్టండి" అన్నాడు. తెల్ల రేషన్ కార్డు మీద వచ్చే ఉచిత వైద్యం అక్కడ చెల్లదన్నారు. ఇంకెక్కడికైనా తీసుకుపోదామంటే రోడ్లన్నీ రాస్తారోకోలే.

నా దగ్గర అమ్మడానికి ఉన్నది కెమెరా ఒక్కటే. హైదరాబాద్‌లో ముప్పై అయిదు వేలకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. స్టూడియోలో నీలం పరదా ముందు పెట్టి నాలుగు ఫోటోలు తీశాను. ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి, పాత సామాన్లు అమ్మే సైట్‌లో పెట్టించాను. ముప్పై వేలు, బేరం లేదు అని రాయించాను.

తెల్లారి ఇంటర్నెట్ సెంటర్‌లో ఉండగానే ఫోన్ వచ్చింది. భూపాలపల్లి దగ్గర చెల్పూరు కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి. మాట వినగానే తెలిసిపోయింది, ఆంధ్రా నుంచి వచ్చినవాడు.

"కెమెరా కండిషన్ బావుందాండీ?"

"మంచిగ నడుస్తది సార్. గీ లెన్సు గూడ దాంతోనే ఇస్త."

ఆయన పకపకా నవ్వాడు. "గీ లెన్సా? భలే ఉందండీ మీ భాష! సినిమాల్లో వినడమే. ఆగండాగండి, మా ఆవిడ వింటుంది, ఇంకోసారి అనండి."

ఫోన్‌లో ఆడమనిషి నవ్వు కూడా వినిపించింది. తర్వాత ఆయనే, "ఇరవై ఎనిమిది ఇస్తానండీ. ప్లాంటు జీపు ఉంది, దాన్నెవరూ ఆపరు, ఇవాళే బయల్దేరతాను" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. హైదరాబాద్‌లో రెండేళ్లు ఒక స్టూడియోలో పనిచేశాను. కస్టమర్లు వచ్చినప్పుడల్లా ఓనరు నన్ను పిలిచి ఏదో ఒకటి మాట్లాడించేవాడు. "ఇంకోసారి అను" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు, నేనూ వెర్రిముఖం వేసుకుని నవ్వేవాణ్ని. ఆ రెండేళ్ల నవ్వంతా ఆ ఒక్క నిమిషంలో మళ్లీ వినబడింది.

"మా సామాన్ మీకు అమ్మం. ఫోన్ పెట్టెయ్" అన్నాను.

చుట్టూ ఉన్న పిల్లలు "శాబాష్ అన్నా!" అని చప్పట్లు కొట్టారు. రాష్ట్రం నేనే తెచ్చినంత గర్వపడ్డాను. నా మొహం! దవాఖానలో బాపు పాదం చీము పడుతూనే ఉంది.

మధ్యాహ్నం ఇంకో ఫోన్. "జై తెలంగాణ అన్నా. భూపాలపల్లి నుంచి మాట్లాడుతున్న. మన మీటింగులు, మన ర్యాలీలు మనం తీసుకోకుంటే ఎవడు తీస్తడే?" ఆ ఒక్క మాటకే కెమెరా అతనిదైపోయింది. మర్నాడు మోటార్ సైకిల్ మీద వచ్చాడు. నా చాయ్ తాగి, పద్నాలుగు వేలు బల్ల మీద పెట్టాడు.

"గింతే ఉన్నయ్ అన్నా. సమ్మెల ఉన్నం, జీతం లేదు. నీకెర్కలేనిదేముంది?"

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. కానీ నాది అదీ కాదు. కాదనొచ్చు, నోరు రాలేదు. ఉద్యమం కోసం జీతం వదులుకున్న మనిషి ముందు మా బాపు కాలు సంగతి ఎత్తడానికి నామోషీ అనిపించింది. అంతమంది అంత పోగొట్టుకుంటుంటే నేను ఒక బొటనవేలి గురించి ఏడవడమా అనుకున్నాను. పైగా బ్యాగు కూడా ఉత్తగానే ఇచ్చి పంపాను.

దవాఖాన కౌంటర్లో పద్నాలుగు వేలు తీసుకోలేదు, మొత్తం తెమ్మన్నారు. మానుకోటలో మా మేనత్త దగ్గరికి నడిచి కొంత, బండ్లు పట్టుకుని కొంత పోయాను. ఆమె చెవుల కమ్మలు తీసిచ్చింది. వాటిని కుదువ పెట్టుకునే దుకాణం తెరిచి ఉండాలి కదా! తిరిగి జనగామ చేరేసరికి ఆరు రోజులు. డాక్టరు కట్టు విప్పాడు, నా ముఖం కూడా చూడలేదు. "ఇప్పుడు వేలుతో పోదు. మోకాలి కింది దాకా తియ్యాలి."

సంతకం నేనే పెట్టాను.

లోపలికి తీసుకుపోయే ముందు బాపు అడిగాడు. "కెమెరా ఎవలకిచ్చినవ్ బిడ్డా?"

నవ్వినవాడి సంగతి చెప్పాను, పొమ్మన్నది చెప్పాను. ధరల సంగతి చెప్పలేదు.

"మంచిగ జేసినవ్ కొడకా. మనల్ని జూసి నవ్వెటోనికి మన సామాన్ ఎందుకు?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి విడిపించుకుని బయటికి వచ్చి, గోడ పక్కన కూర్చుని ఏడ్చాను.

పదిహేను రోజుల తర్వాత ఊరికే ఆ సైట్ తెరిచి చూస్తే నా నీలం పరదా కనబడింది. నా కెమెరా, నేను తీసిన ఫోటోలు, నేను రాయించిన మాటలే. ధర ముప్పై వేలు. ఫోన్ నంబరే నాది కాదు, కెమెరా తీసుకుపోయిన అతనిది. కింద అమ్ముడుపోయింది అని ఉంది. భూపాలపల్లి అతనికి ఫోన్ చేశాను.

"ఉద్యమం ఉద్యమమే, యాపారం యాపారమే అన్నా. గంత పరేషాన్ ఎందుకు?" అన్నాడు.

"ఎవలకమ్మినవ్?"

"చెల్పూరు ప్లాంటుల ఆంధ్రాయనకు. ఇరవై ఎనిమిదికి. మంచి మనిషే, పైసలు గూడ ఒక్కసారే ఇచ్చిండు."

ఆ నవ్వును నేను ఈరోజుకీ మాఫ్ చేయలేదు. నవ్వడం తప్పే. కానీ నవ్వుకు పాదం కుళ్లదు కదా. ఆయన జీపు ఆ రోజే వచ్చేది, మూడు రోజుల గడువులోపే డబ్బు కట్టేవాణ్ని. కోపంలో కోసుకున్న ముక్కు శాంతంలో అతుక్కోదంటారు. అక్కడ కనీసం ఎవడి ముక్కు వాడే కోసుకుంటాడు. ఇక్కడ కోపం నాది, కాలు మా బాపుది.

రాష్ట్రం వచ్చిన రోజు ఊళ్లో రంగులు, డప్పులు, మిఠాయిలు. బాపును కుర్చీలో తీసుకొచ్చి నడిమధ్యలో కూర్చోబెట్టారు. ఆయన చెప్పే కథ అప్పటికి ఊరందరికీ నోటికి వచ్చు. అయినా మళ్లీ మొదలుపెట్టాడు. "నా కొడుకు పైసలకు చూడలే. మన మాటకు నవ్వినోన్ని పొమ్మన్నడు." అందరూ చప్పట్లు కొట్టారు. నా భుజం తట్టారు. నేల చీలితే దూరిపోదామనిపించింది.

"తాతను ఒక ఫోటో తియ్యే" అన్నారెవరో. కెమెరా మళ్లీ కొననే లేదు, జేబులో సెల్ ఫోన్ ఉంది. అలవాటు కొద్దీ కాళ్లు రావడానికి నాలుగడుగులు వెనక్కి వేశాను.

బాపు భుజం మీది తువ్వాల తీసి మోకాళ్ల మీద కప్పుకున్నాడు.

"దగ్గరికి రా బిడ్డా. నడుం దాక చాలు."

తీశాను. ఇప్పుడు మా ఇంట్లో గోడకు ఉన్నది అదే.