ఏడు దీపాల అంబదాస్

సిరిసిల్లల పసిపిల్లలు సాంచాల చప్పుడుకు నిద్రపోతరు. కరెంటు పోయి ఆ మరమగ్గాల చప్పుడు ఆగిందనుకో, ఉలిక్కిపడి లేస్తరు. అంబదాస్ గూడ గట్లనే పెరిగిండు. ఇప్పుడు ఇరవయ్యేడేండ్లు. సన్నటి మనిషి, మాట తక్కువ. ఎక్కడో పాట ఇనవడ్తున్నట్టు తల ఓ పక్కకు వంచి నడుస్తడు. వాడకట్టుల ఆయన్ని ఉత్త అంబదాస్ అని ఎవ్వరు పిలువరు. ఏడు దీపాల అంబదాస్ అంటరు.

గా పేరు ఎట్ల వచ్చిందంటే, పదహారేండ్లప్పుడు ఒకనాడు పొద్దుగూకంగ వాళ్లవ్వ దేవవ్వ గూట్ల దీపం ముట్టిచ్చి మొక్కుతుంది. అంబదాస్ గడప కాడ నిలవడి, "ఏందవ్వా, ఇయ్యాల పండుగనా? గిన్ని దీపాలు పెట్టినవ్?" అన్నడు.

"ఒక్కటే కదరా."

"ఒక్కటేంది? ఏడున్నయ్. మీదొకటి, పక్కకొకటి, కిందికి జారుకుంట అయిదు."

దేవవ్వ దీపం దిక్కు చూసింది, కొడుకు దిక్కు చూసింది. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. కొడుకుకు రోగమొచ్చిందని కాదు, దేవుడు అవుపడ్డడని! తెల్లారేసరికి వాడకట్టంత తెలిసింది. బీడీలు చేసే ఆడోళ్లు చాటలు పక్కకు పెట్టి మరీ ఇన్నరు. ఇద్దరు ముగ్గురైతే ఆయనకు దండం గూడ పెట్టిండ్రు. గిట్ల ఒక కంటి రోగం పదకొండేండ్లు వరం లెక్క చెలామణి అయ్యింది.

అంబదాస్‌కు గూడ అది రోగమని తెల్వది. అవ్వ చెప్పినట్టు దేవుడిచ్చిన చూపేననుకున్నడు. పొద్దుగూకినంక వేములవాడ రోడ్డు మీద బస్సు వస్తుంటే దాని లైట్లు రెండు గాదు, రెండు పూలగుత్తులు. వాన పడ్డంక రోడ్డు మీద ప్రతి లైటు బుగ్గకు బారెడు తోక. నెల పొడిస్తే ఆకాశంల ద్రాక్షగుత్తి ఏలాడినట్టుంటది. మనుషుల మొఖాల పక్కన ఇంకో మొఖం పల్సగ, నీళ్లల్ల కదిలినట్టు కదులుతది. ఆయనకు ఆ పల్సటి మొఖాలంటేనే ఇష్టం. అసలు మొఖాలు కోపానికొచ్చినా అవి నవ్వుతున్నట్టే ఉంటుండె.

ఆయన చేసేది వైపని. సాంచె మీద దారం చుట్టిన పెద్ద రోలర్ ఒకటుంటది, దాన్ని భీము అంటరు. ఒక భీము ఒడిశిపోతే కొత్తది ఎక్కిచ్చి, దాని పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కోటొక్కటి మెలేసి అతకాలె. వేలకు వేల పోగులు. వేళ్లకు బూడిద అద్దుకోవాలె, రెండు కొసలు కలపాలె, మెలెయ్యాలె, ఇంకో పోగు. ఒక్క పోగు పక్కకు జరిగితే చీర పొడుగూత గీత పడ్తది. అంబదాస్ చేతులు గా పనిల ఎంత ముదిరినయంటే, తెల్ల భీమైతే కండ్లు మూసుకొని అతికేస్తడు. ఆయనకు పని నేర్పిన వెంకటి మామనే ఆయనకు జోడి. యాభై దాటినయ్, పెద్ద పెద్ద మీసాలు, నోరు ఊకె ఉండది.

తెల్ల భీములున్నన్ని రోజులు బాగనే నడిచింది. ఆ ఏడాది, అంచుల రంగులున్న భీమొచ్చింది. ఎర్రది, ఆకుపచ్చది, ఎర్రది, పసుపుది. రంగు వేళ్లకు తెల్వది గదా! అంబదాస్ కండ్లకు ఒక్క ఎర్ర పోగు నాలుగు పోగులై పచ్చదాని మీద పడ్డది. రెండు పోగులు తారుమారైనయ్. సాంచె నడిచినంక చూస్తే చీరల అంచు పొడుగూత మచ్చ.

వెంకటి మామ ఒర్రలే. గదే భయం. మెల్లగ పక్కన కూసోని అన్నడు: "అల్లుడా, నీ చేతులు బంగారం. నీ కండ్లనే నేను నమ్ముత లేను. దసరాకు అన్నీ రంగుల భీములే వస్తయ్. గంతల్ల కండ్లు చూపెట్టుకో. లేకపోతే ఇంకోన్ని జోడి కట్టుకుంట. తప్పు వట్టకు."

అంబదాస్‌కు వేరే పని రాదు. గా ముడి తప్ప లోకంల ఆయన చేతులకు ఏం తెల్వది. ఆ రాత్రి అన్నం ముట్టలే.

మామ, అల్లుడు కరీంనగర్ పోయిండ్రు. కండ్ల దవాఖానల లెన్సులు చూసే మేడం పేరు మమతారాణి. ఒక మిషన్ల గడ్డం పెట్టిచ్చి, కంప్యూటర్ల ఆయన కంటి బొమ్మ చూపెట్టింది. నీలం, పచ్చ, పసుపు, నడిమిట్ల ఎర్రగ ఒక గుట్ట.

"గిది నీ కంటి ముందటి పొర తమ్మీ. గుండ్రంగుండాలె. నీది పల్సవడి మొన తేలింది. కెరటోకోనస్ అంటరు. గందుకే ఒకటి ఏడు తీర్ల కనవడ్తుంది. గుట్ట లెక్క లేచిన కంటికి అద్దాలు పెట్టినా సాఫ్ కనవడది. కండ్లు నలుస్తవా?"

"లేదు మేడం," అన్నడు అంబదాస్, మనికట్టుతోని కన్ను నలుసుకుంట.

వెంకటి మామ పగలవడి నవ్విండు. "సాంచాల దూది నూగు మేడం! మా ఊర్లె కన్ను నలువనోడు పుట్టలే."

"ఈయన మాత్రం నలువద్దు. నలిస్తే ఇంక పల్సవడ్తది. దురద పెడితే చుక్కల మందు ఏసుకోవాలె." గా గుట్ట ఇంక పెరగకుండ ముందుగాల లైటు పెట్టే ట్రీట్‌మెంట్ చేస్తమని, అది మానినంక లెన్స్ పెడతమని, లెన్స్ రోగాన్ని తియ్యదు, పెట్టుకున్నంత సేపు చూపునిస్తదని ఇవరంగ చెప్పింది.

ఆనాటి నుంచి మామకు ఒక పనైంది. అల్లుని చెయ్యి కంటి దిక్కు లేస్తే చాలు, దారం కండెతోని టప్పున కొడ్తడు. "చెయ్యి!" అంటడు. కార్ఖానల అందరికీ అలవాటైంది. ఆఖరుకు ఎవ్వరు కన్ను ముట్టినా "చెయ్యి!" అని నలుగురు ఒర్రుడు షురూ జేసిండ్రు.

కన్ను మానినంక మొదలు చిన్న గట్టి లెన్సులు ఇచ్చిండ్రు. చింతగింజంత గూడ ఉండయ్. కరీంనగర్ బస్టాండుల బోర్డు మీది అచ్చరాలు దేనికది నిలవడ్డయ్. అంబదాస్ ఆ బోర్డును చదువుకుంట రెండు బస్సులు ఇడిశిపెట్టిండు.

గని కార్ఖానల ఆ చిన్న లెన్స్ కింద నూగు పోతే కంట్ల ముల్లు దిగినట్టే. మూడో రోజు నీళ్లు ధార కట్టి లెన్స్ ఎగిరి పడ్డది.

"సాంచాలు బందు పెట్టుండ్రి!" మామ ఒర్రిండు. "ఎవ్వడు అడుగు కదపద్దు!"

నలుగురు మొగోళ్లు నేల మీద దూది నూగుల మోకాళ్ల మీద పాకుడు. చప్పుడు ఆగినందుకు పక్కింట్ల పిలగాడు లేచి ఏడ్వవట్టె. గంట సేపు ఎతికినంక అంబదాసే మామ దిక్కు వంగి, "మామా, కదలకు," అని మెల్లగ ఆయన మీసాల నుంచి లెన్స్ తీసిండు.

"గా మీసాలకు గూడ చూపొచ్చిందిరా ఇగ!" అన్నరెవరో.

మమతారాణి గీ కథ ఇని నవ్వింది. తర్వాత నవ్వాపి ఆలోచించింది. "నీ పనికి చిన్నది ఆగది. పెద్దది పెడదాం. స్క్లెరల్ లెన్స్. గిది నల్లగుడ్డును ముట్టది, తెల్లగుడ్డు మీద కూసుంటది. నడుమ నీళ్లుంటయ్. నూగు లోపటికి పోవుడు తక్కువ." అరచేతిల పెట్టి చూపిస్తే అది చిన్న గాజు గిన్నె తీరుంది. కొలత కుదరనికి మూడు సార్లు మార్చిండ్రు. ఒకటి అంచు కాడ ఒత్తింది, ఇంకోటి పొద్దుగూకేసరికి కన్ను ఎర్రజేసింది. ఆఖరిది సరిపడ్డది.

అది పెట్టుకునుడు పూజ లెక్కనే ఉంటది. బల్ల మీద అద్దం పడుకోవెట్టాలె. వాసన లేని సబ్బుతోని చేతులు కడుక్కోవాలె, నూగు రాలని బట్టతోని తుడుచుకోవాలె. గిన్నె నిండ సీసల వచ్చే సెలైన్ నీళ్లు పోసి, తల పూర్తిగ వంచి, నీళ్లు ఒలుకకుండ కంటికి అద్దాలె. లోపట గాలిబుగ్గ వడితే మళ్ల మొదటికి. పొద్దుగూకంగ చిన్న రబ్బరు గొట్టంతోని తియ్యాలె, మందుతోని రుద్దాలె, డబ్బల నానబెట్టాలె. పెట్టుకొని పండుకోవద్దు.

ఏందంటే, ఊరు నిండ బట్టనే, నూగు రాలని బట్ట మాత్రం దొరుకలే! పాలిస్టర్ నీళ్లు పీల్చది, కొత్త కాటన్ నూగు ఇడుస్తది. దేవవ్వ రెండు రోజులు ఎతికి, సందుగ అడుగు నుంచి కాలం జేసిన పెనిమిటి పంచె తీసింది. ఉతికి ఉతికి అండ్ల నూగన్నదే మిగల్లే. ముక్కలు చేసి, ఉడుకవెట్టి, ఎండేసి, మడతవెట్టింది. పొద్దుగాల చేతులు తుడుచుకున్నప్పుడల్ల అంబదాస్‌కు బాపు చెయ్యి వట్టుకున్నట్టే అనిపిస్తుండె.

దసరా ఇంక నెల రోజులుందనంగ గడబిడైంది. ఒకనాడు పొద్దుగాల సెలైన్ ఒడిశిపోయింది. కరీంనగర్ నుంచి పార్సిల్ రాలే. పనికి పోవాలె. అంబదాస్ ఖాళీ గిన్నె వట్టుకొని పరేషాన్ అయితుండు.

"మేడం ఏం నీళ్లన్నది కొడుకా?" దేవవ్వ అడిగింది.

"ఏ మందు కలువని నీళ్లన్నదవ్వా."

దేవవ్వ మొఖం దీపం లెక్క వెలిగింది. పోయిన నెల ధర్మపురి పోయి, గంగ అని మొక్కే అక్కడి నదిల మునిగొచ్చింది. గూట్ల సీసల గంగనీళ్లున్నయ్. "గంగల ఏం మందు కలుస్తది బిడ్డా? గింతకంటే సక్కటి నీళ్లు ఏడున్నయ్?"

అంబదాస్ ఒక్క గడియ ఆగిండు. సెలైన్ తప్ప ఇంకో నీళ్లు వద్దని మేడం చెప్పింది యాదికొచ్చింది. గని పనికి యాల్లైతుంది, అవ్వ కండ్లల్ల గా వెలుగుంది. సీస ఎత్తి కుడి కంటి గిన్నెల పోసిండు. మిగిలిన రెండు సెలైన్ చుక్కలు ఎడమ దాంట్ల పిండిండు, చాలలే, ఆ లెన్స్ పెట్టుకోకుండ ఇడిశిపెట్టిండు.

రెండో రోజుకు కుడి కన్ను చింతనిప్పైంది. వెలుగు చూస్తే సూదులు గుచ్చినట్టు. లెన్స్ తీసి డబ్బల పెట్టి, ఫస్ట్ బస్సుకే అవ్వ కొడుకులు కరీంనగర్ పోయిండ్రు. బస్సుల దేవవ్వ కొంగు నోట్ల కుక్కుకొని కూసుంది.

డాక్టర్ చూసి, పొర మీద చిన్న పుండు షురువైందని, సమయానికొచ్చిండ్రని, గంట గంటకు మందు ఏసుకోవాలన్నడు. మమతారాణి పాత డబ్బ పారేయించింది, లెన్స్ తన దగ్గర ఉంచుకున్నది.

"నేనే పోయమన్న మేడం," అంది దేవవ్వ. "గంగవ్వ నా కొడుకును గిట్ల జేస్తదనుకోలే."

మమతారాణి ఆమె పక్కన కూసుంది. "గంగ ఏం జేయలే పెద్దవ్వా. నది నీళ్లయినా, బోరు నీళ్లయినా, తాగే ఫిల్టర్ నీళ్లయినా, అండ్ల కంటికి కనవడని పురుగులుంటయ్. లెన్స్ కింద మూస్తే అవి పెరుగుతయ్. నెత్తి మీద సల్లుకో, మొక్కుకో. లెన్స్ గిన్నెల మాత్రం సెలైన్ ఒక్కటే. ఇప్పిన సీస దాచిపెట్టకు, తెల్లారి వాడకు."

కన్ను మానెదాక లెన్స్ బందు. వెంకటి మామకు ఎట్ల చెప్పాల్నో అంబదాస్‌కు తెల్వలే. జోడి పోయిందనే అనుకున్నడు. మామ ఇని మీసం దువ్వుకొని, "తెల్ల భీములు ముందు పెడతా. కండ్లు మూసుకొని అతుకు," అన్నడు. "రంగులది ఆఖర్ల. ఒక్కటే భీము, అల్లుడా. గది సరిగ్గ రాలేదనుకో, నేనేం చెయ్యలేను."

మూడు వారాల ఆ తెల్ల రోజులు అంబదాస్‌కు కల లెక్క గడిచినయ్. కుడి కంటికి వెలుగు తాకకుండ ఏలాడేసిన పచ్చటి గుడ్డ, ఎడమ కన్ను మూసి, బూడిద వేళ్లతోని పోగు ఎనుక పోగు. బయట వాన. సాంచాల చప్పుడు, వాన చప్పుడు కలిసి ఒక్కటే పొడుగు దారమై ఆయన చేతులల్లకెళ్లి పోతున్నట్టుండె.

కన్ను మానింది. లెన్స్ మళ్ల వచ్చింది. దసరా ఇంక నాలుగు రోజులుందనంగ రంగుల భీము ఎక్కిచ్చిండ్రు.

అంబదాస్ దాని ముందట కూసోని చూసిండు. ఎర్ర పోగు ఒక్కటే ఎర్ర పోగు. దాని పక్కన దాని నీడ లేదు. పచ్చది వేరే, పసుపుది వేరే. ప్రతి పోగు ఎవ్వరు తోడు లేనట్టు ఒంటరిగ నిలవడ్డది. ఆయనకు ఎందుకో భయమైంది. చేతులు ఆగినయ్. రెండు పోగులు కలపనికి పది సార్లు చూడవట్టె.

"ఏందిరా, చూపొచ్చి చేతులు పోయినయా?" అన్నడు మామ.

"గన్నీ ఒక్కొక్కటే ఉన్నయ్ మామా."

"ఒక్కొక్కటి గాకపోతే బారాత్ లెక్క వస్తయా? రంగును కండ్లకియ్యి. ముడిని చేతులకియ్యి. ఎవని పని వాన్ని చేసుకోనియ్యి."

అంబదాస్ మళ్ల పోగు వట్టిండు. కండ్లు రంగును చూసినయ్, వేళ్లు ముడేసినయ్. ఎర్ర, పచ్చ, ఎర్ర, పసుపు. మధ్యాహ్నం చూపు మసకవారితే లేచి, బూడిద పోయేదాక చేతులు కడిగి, బాపు పంచె ముక్కతోని తుడుచుకొని, లెన్స్ తీసి కొత్త సెలైన్ పోసుకొని వచ్చి కూసున్నడు. మామ అప్పటిదాక ఒక్క పోగు ముట్టకుండ, అల్లుని జాగల ఎవ్వన్ని కూసోనియ్యకుండ కావలున్నడు.

మరునాడు సాంచె నడిచింది. జానెడు బట్ట వచ్చినంక మామ ఆపిండు. అంచు మీద బొటనేలు పెట్టి మెల్లగ జరిపిండు. కండ్ల దగ్గర పెట్టుకొని చూసిండు. మళ్ల జరిపిండు. బూడిద డబ్బ తీసి అంబదాస్ ముందట పెట్టి, "ఇంకో భీము ఎక్కుతుంది, జరుగు," అన్నడు.

పొద్దుగూకంగ అంబదాస్ ఇంటికి పోయిండు. బల్ల మీద అద్దం, గొట్టం, డబ్బ, మడతవెట్టిన పంచె ముక్క. చేతులు కడుక్కొని ఒక్కో కంటి లెన్స్ తీసిండు. ఇల్లంత మెత్తగైంది. గోడలు ఊపిరి తీసుకున్నట్టు కదిలినయ్.

దేవవ్వ గూట్ల దీపం ముట్టిచ్చింది. కొడుకు కన్ను చెడ్డనాటి నుంచి గంగనీళ్ల సీస కొంగుల కట్టుకొనే తిరుగుతుంది, ఎవ్వరి చేతికియ్యది. దండం పెట్టి, ఎనుకకు తిరగకుండనే, భయం భయంగ అడిగింది.

"ఇప్పుడెన్ని కనవడ్తున్నయ్ కొడుకా?"

అంబదాస్ తల ఓ పక్కకు వంచిండు. మీదొకటి, పక్కకొకటి, కిందికి జారుకుంట అయిదు.

"అన్నీ ఉన్నయవ్వా," అన్నడు.