కడగని రంపం

సారంగాపూర్ చుట్టుపక్కల మామిడితోటల్లో ఎండుకొమ్మ తీయాలంటే సమ్మయ్యే రావాలి. తనకు గుంటెడు భూమి లేదు గానీ, నలభై ఏళ్లుగా ఊరందరి చెట్లనూ సొంతవాటిలా చూసుకున్నాడు. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. నిచ్చెన చూస్తేనే నీరసం వస్తుంది.

ఆయనకో పట్టింపు ఉంది. పనుల కాలంలో రంపం కడగడు. కడిగితే పని కడుక్కుపోతుందని తండ్రి చెప్పాడు. దసరాకు ఒక్కసారి కడిగి, పసుపు పెట్టి దండం పెడతాడు. మిగతా రోజుల్లో పళ్లకు బంక పట్టినా దులిపి సంచిలో పడేస్తాడు. తండ్రిని తప్పుపట్టలేం, ఆ కాలంలో ఒక్క రంపం ఇన్ని ఊళ్లు తిరగలేదు మరి.

నిరుడు కాపు అయిపోయాక రాజమల్లు తోటలో కొమ్మలు కోశాడు. రాజమల్లు బతుకంతా తాటిచెట్లెక్కి, కల్లు గీసి కూడబెట్టుకున్న నలభై చెట్లవి. ఈ ఏడు ఒక్కో చెట్టూ కొసల నుంచి ఎండుకొచ్చింది. ఆకులు సెగ తగిలినట్టు మాడి కొమ్మకే వేలాడుతున్నాయి. ఏం చేయాలో చూడమని రాజమల్లు మళ్లీ సమ్మయ్యనే పిలిచాడు. ఉద్యానశాఖ నుంచి వనిత అనే ఆఫీసరమ్మ కూడా వచ్చింది.

ఆమె ఒక కొమ్మను నిలువునా చీల్చింది. లోపల కర్ర నల్లబడి ఉంది.

"గిది బూజుతోని వచ్చే ఎండు తెగులు తాతా. కోసిన గాయంల నుంచి లోపలికి పోతది. అది వదిలే విషం ఆకుల దాక ఎక్కుతది, గందుకే మాడుతున్నయ్. చెట్టు చెట్టుకూ రంపం మందునీళ్లల్ల కడుగుతవా?"

సమ్మయ్య తల అడ్డంగా ఊపాడు. నిరుడు ఈ తోటకు వచ్చే ముందురోజు తను కోసింది పక్కూళ్లో ఎండిన చెట్లనే. ఆమె ఏదో రాసుకుని వెళ్లిపోయింది. మోటారు దగ్గరున్న రాజమల్లు ఇదేదీ వినలేదు.

చెప్పకపోతే రాజమల్లుకు తెలియదు. చెబితే రేపటి నుంచి ఏ తోటవాడూ పిలవడు. సమ్మయ్య చెట్టు మొదట్లో కూలబడ్డాడు. దాచి మోయడానికి కూడా ఒంట్లో ఓపిక లేదనిపించింది.

"మల్లన్నా, గీ రోగం నా రంపమే తెచ్చింది. నేను కడగలే."

రాజమల్లు తిట్టలేదు. తిడితే బాగుండునని సమ్మయ్య ఏడ్చాడు.

"నా తోటయితే పోయింది. నా తర్వాత ఇంకెన్ని తోటల్ల కోసినవ్?"

"పదకొండు."

"నువ్వు కోసిన జలపతి తోటకు ముందుగాల పో. ఎండుకొమ్మలు తీసెతందుకు ఇయ్యాల్నే మనుషులను పెట్టిండు. వాళ్ల రంపాలకు అంటకముందే చెప్పు."

సమ్మయ్య కళ్లు తుడుచుకుని జలపతి తోట వైపు నడిచాడు.