వంటశాలలో పదో తరగతి

పదో తరగతి లెక్కల్లో తప్పిన ఏడాది, ఇక చదవనని మా అమ్మకు తేల్చి చెప్పాను. రాచర్ల దగ్గర మా ఊళ్లో మాకు ముప్పై మేకలుండేవి. వాటిని కాసుకుని బతికేస్తానని నా ధీమా. అమ్మ తిట్టలేదు. చాటలో కందులు చెరుగుతూ, "సరే, నువ్వు మేకలు కాయి. నేను చదువుతా. ఇంట్లో ఒకరన్నా పాసు కావాల గదా," అంది.

నేను నవ్వాను. అమ్మ ఐదో తరగతిలోనే బడి మాని మేకల వెంట నడిచిన మనిషి. కానీ మరుసటి వారం ఆటో ఎక్కి గిద్దలూరు పోయి, ఓపెన్ స్కూలు ఫారాలు రెండు తెచ్చింది.

"రెండెందుకే?" అన్నాడు నాయన.

"ఒక్కదాన్నే పోవాలంటే నాకు సిగ్గయితాది. ఇది గూడా వస్తాది," అని అమ్మ నన్ను చూపించింది.

"ఇద్దరూ చదివితే మేకల్ని ఎవరు కాయాల?"

"నువ్వున్నావు గదా," అంది అమ్మ.

నాయన పొలం పనుల్లో ఉన్న రోజుల్లో మాత్రం అమ్మే మేకల్ని తోలుకుపోయేది. చేతిలో పుస్తకం ఉంటే మేకల మీద చూపు నిలవదు. అందుకని గట్టిగా చదివేది. ఆమె గొంతు వినపడినంత సేపూ అవి దూరం పోయేవి కావు. చెట్లు ఆహారం ఎలా తయారు చేసుకుంటాయో, ఆ చెట్ల ఆకులే నములుతూ శ్రద్ధగా వినేవి. ఏడాది తిరిగేసరికి అమ్మకు పాఠాలన్నీ వచ్చాయి. గట్టిగా చదవడం మాత్రం పోలేదు.

పరీక్ష గిద్దలూరు హైస్కూల్లో. అమ్మ సీటు సరిగ్గా నా ముందే పడింది. సైన్సు పేపరిచ్చిన ఐదు నిమిషాలకు, "పత్రహరితం అనగా..." అని అమ్మ గొంతు హాలంతా మోగింది. తలలన్నీ లేచాయి, వెంటనే వంగాయి, పెన్నులు చకచకా కదిలాయి. నేనూ రాసుకున్నాను, అబద్ధమెందుకు.

కాపలా ఉన్న కుర్ర సారు పరుగున వచ్చి, "అమ్మా, మనసులో చదువుకోండి," అన్నాడు.

అమ్మ లేచి నిలబడింది. "నాకట్ల రాదు సారూ. నోరు మూస్తే చెయ్యి ఆడదు."

పాపం, ప్రయత్నించింది. కాసేపు పెదవులు బిగించి కూర్చుంది. పెన్ను కదల్లేదు. మళ్లీ మొదలుపెట్టగానే వెనక బెంచీ నుంచి ఎవరో, "కొంచెం నిదానంగా చెప్పక్కా," అని అడిగారు.

సారు ఆమెను వరండాలో కూర్చోబెట్టాడు. అక్కడి నుంచి కిటికీల్లోంచి రెండు గదులకు వినపడింది. చివరికి పెద్దసారు వచ్చి, మధ్యాహ్న భోజనం వండే రేకుల షెడ్డులో కుర్చీ వేయించి, కాపలాకు ఒక మేడమ్‌ను నిలబెట్టాడు. తల దించుకుని మిగతా పరీక్ష ఎలా రాశానో నాకే తెలియదు.

తర్వాతి పరీక్షలన్నిటికీ అమ్మ తిన్నగా షెడ్డుకే పోయేది. లెక్కల పరీక్షనాడు, అమ్మ పైకి చెబుతూ చేస్తున్న లెక్క విని, సాంబారు కలుపుతున్న వంటామె ఉండబట్టలేక, "అదెట్లక్కా, మూడు వంతుల్లో ఒకటి తీస్తే రెండే గదా మిగిలేది?" అందట.

"పరీక్షలో మాట్లాడగూడదమ్మా," అని అమ్మ మందలించిందట.

ఇద్దరం పాసయ్యాం. లెక్కల్లో నాకంటే అమ్మకు రెండు మార్కులు ఎక్కువ. ఆ సంగతి రాచర్ల ఆటోల్లో తెలియనివాళ్లు లేరు. నన్ను ఇంటర్లో చేర్పించేదాకా ఆమె ఆ రెండు మార్కుల మాట ఆపలేదు.

సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి పోయినప్పుడు, ఆ షెడ్డులో వంటచేసే ఆడవాళ్లిద్దరూ అమ్మ చెయ్యి పట్టుకున్నారు.

"అక్కా, వినీ వినీ మాకు సగం వచ్చేసింది. తక్కిన సగానికి ఫారం యాడ ఇస్తారు?"

అమ్మ వాళ్లను వెంటబెట్టుకుని ఆఫీసు గదికి నడిచింది. ఆ రోజు పిల్లలకు అన్నం అరగంట ఆలస్యమైంది.