చిన్నప్ప తగ్గిన తొమ్మిది కిలోలు

అది 2021 ఆగస్టు. కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టింది. బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న చిన్న ఆసుపత్రిలో వార్డులు ఖాళీ అయ్యాయి, నా గది మాత్రం నిండింది. జ్వరం పోయినా ఒంట్లో బలం తిరిగి రానివాళ్లంతా నా దగ్గరికే వచ్చేవారు.

చిన్నప్ప అలా వచ్చినవారే. పేరుకు చిన్నప్ప గానీ మనిషి ఆరడుగుల ఎత్తు, నూటపద్దెనిమిది కిలోల బరువు. ఆయన తాత చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి గనిలో పనికి దిగాడు. ఈయన గని మూతపడ్డాక పెళ్లి బ్యాండునే నమ్ముకున్నారు. ఊదేది యుఫోనియం. ట్రంపెట్‌కు పెద్దన్నలాంటి ఇత్తడి వాద్యం, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని ఊదాలి. కోవిడ్‌తో పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డారు. డాక్టరు గుండె, ఊపిరితిత్తులు పరీక్షించి, ఇక మెల్లగా వ్యాయామం మొదలుపెట్టవచ్చని నా దగ్గరికి పంపారు.

"బరువు సంగతి ఉండనీ డాక్టరమ్మా," అన్నారు కూర్చుంటూనే. "ఊదేకి దమ్ము చాలడం లేదు. పాట సగంలోనే కండ్లు తిరగతా ఉండాయి. క్రిస్మస్ అయినాక పెండ్లిండ్లు మొదలైతాయి. అప్పటికి బ్యాండుతో నడవలేకపోతే నా తావులో ఇంగొకన్ని పెట్టుకుంటారు."

"ఎన్నేళ్లుగా ఊదుతున్నారు?"

"ముప్పై ఏండ్లు. మా స్టెల్లాని మొదట చూసింది కూడా ఊదతా ఉన్నప్పుడే."

ముందుగా సిట్-టు-స్టాండ్ టెస్ట్ చేయించాను. చేతుల ఆసరా లేకుండా ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టడమే ఆ పరీక్ష. తొడల్లో బలం ఎంతుందో దాంతో తెలుస్తుంది. ఆయన ఎనిమిదిసార్లు లేచారు. నేను రాసుకొని, అచ్చువేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాను. అందులో తినకూడనివన్నీ ఉన్నాయి. తినాల్సినవి ఏవో, ఎంతో లేదు. "ముందు బరువు తగ్గాలి, రోజూ నడవండి" అన్నాను. ఎంతసేపు నడవాలో చెప్పలేదు.

మూడు వారాల తర్వాత ఆయన గదిలోకి వస్తూనే తూకం మీద నిలబడ్డారు. నూటతొమ్మిది. నాకు ఎంత సంతోషమైందంటే, పక్క గదిలోని నర్సును పిలిచి మరీ చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

తర్వాత కుర్చీ పరీక్ష. ఐదోసారి లేచి, గోడ పట్టుకున్నారు. ఆరోసారి లేవలేకపోయారు. పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టి చూశాను. ఆక్సిజన్ బాగానే ఉంది. మరి బలం ఎందుకు తగ్గినట్టు?

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయన భార్య స్టెల్లా నోరు విప్పింది. "చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడమ్మా. ఈ మూడు వారాలూ పొద్దున ఒక దోసకాయ, మాపటికి ఉడకేసిన క్యాబేజీ. ఇంగేమీ ముట్టలేదు. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల దాకా రెండు గంటలు నడిచొస్తాడు. వచ్చి పడుకుంటే మధ్యాన్నం దాకా లేచేది లేదు."

నా తప్పు నాకు అప్పుడు అర్థమైంది. పెద్ద జ్వరం కండను తినేస్తుంది. ఆ మీద పస్తులుంటే మిగిలిన కండ కూడా కరుగుతుంది. తూకం ముల్లుకు ఏది కొవ్వో ఏది కండో తెలియదు. నేను సంబరపడింది చాలావరకు ఆయన బలం పోయినందుకే.

"ఈ రోజు నుంచి మీరు కడుపుకు తినాలి," అన్నాను.

చిన్నప్ప వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవరితోనో అంటున్నానేమో అని. స్టెల్లాకు నవ్వు ఆగలేదు. "నిన్నేనప్పా," అంది.

డాక్టరును కూడా అడిగి, ముగ్గురం కూర్చొని స్టెల్లా వండేవాటితోనే పట్టిక రాశాం. రాగిముద్ద మానొద్దు, రెండు బదులు ఒకటి. పొద్దున రెండు గుడ్లు. మధ్యాహ్నం ఉలవలో పెసలో, దాంతో ఆకుకూర. ఆదివారం చేపలు. చక్కెర టీలు ఆరు నుంచి ఒకటికి. నడక ఐదు నిమిషాలు, ఆపై కూర్చోవడం, మళ్లీ ఐదు నిమిషాలు. దీన్ని పేసింగ్ అంటాం. అలసట రాకముందే ఆగాలి, మరునాడు నీరసంగా ఉంటే ఇంకా తగ్గించాలి.

"అలిసేదానికి ముందే నిలిపేదా? గనిలో చేసిన మా నాయన వింటే నవ్వతాడు," అన్నారు. అయినా చేశారు.

మొదటి పదిహేను రోజుల్లో ఒక కిలో పెరిగి కంగారుపడ్డారు. నేను తూకం మీంచి దింపి కుర్చీలో కూర్చోబెట్టాను. ఏడుసార్లు లేచారు. తర్వాత ఊదుడు. వాద్యం లేకుండా మౌత్‌పీస్ ఒక్కటే పెట్టుకొని, ఒకే స్వరాన్ని లెక్కపెడుతూ పట్టడం ఆయనే కనిపెట్టుకున్న సాధన. స్టెల్లా వంటింట్లోంచి లెక్కపెట్టేదట. డిసెంబరుకు కుర్చీలోంచి పద్నాలుగుసార్లు లేచారు. బరువు కూడా మెల్లగా, నెలకు కిలో చొప్పున దిగడం మొదలైంది.

జనవరిలో మొదటి పెళ్లి ఊరేగింపు. "మీరూ రావాల," అన్నారు. చర్చి నుంచి హాలు దాకా ఆయన పక్కనే నడిచాను, ఆయన ఎడమచేతి వేలికి ఆక్సీమీటర్ తగిలించి. రెండు పాటలకొకసారి బ్యాండు మూలమలుపులో ఆగేది. ఆయన ఊపిరి తీసుకునేవారు, డ్రమ్ములు మోగుతూనే ఉంటే పెళ్లివాళ్లు అదే సందని డాన్సు చేసేవారు. పెళ్లికూతురి అవ్వ నన్ను మగపెళ్లివారి మనిషి అనుకొని, "తల బోడిగా వస్తారా ఎవరన్నా?" అని కసిరి నా జడలో మల్లెపూలు తురిమింది. హాలు గుమ్మంలో చిన్నప్ప చివరి స్వరాన్ని పట్టి వదల్లేదు. డ్రమ్ము కొట్టేవాళ్లు కర్రలు దించి చూస్తుండిపోయారు. తర్వాత భోజనాల దగ్గర, రెండోసారి బిర్యానీ వేయించుకుంటున్న ట్రంపెట్ ఊదే ఆయనకు చిన్నప్ప కండకూ కొవ్వుకూ తేడా ఏమిటో నాకంటే బాగా వివరించారు.

ఒళ్లు ఎంత ఉన్నా, రోగం నుంచి లేచిన మనిషికి ముందు కావలసింది బలం. బరువు దాని వెనకే, నిదానంగా దిగుతుంది. ఈ పని నేర్పిన పుస్తకాల్లో ఆ మాట ఉంది. నాకు ఒంటబట్టింది మాత్రం చిన్నప్ప వల్లే.

పోయిన నెల మాస్తి ఊరి నుంచి ఒకామె వచ్చింది, డెంగీ నుంచి కోలుకుంటోంది. భారీ మనిషి. లోపలికి వస్తూనే చెప్పులు విడిచి తూకం వైపు నడిచింది.

"అది తర్వాత. కూర్చోమ్మా. పొద్దున ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదమ్మా," అంది తలదించుకొని. "మీరు తూకం వేస్తారని."

కేసుషీటు పక్కన పెట్టి, క్యాంటీన్ నుంచి ఇడ్లీ, సాంబారు తెప్పించాను. ఆమె తిన్నంతసేపూ మాస్తి కబుర్లు చెప్పుకున్నాం.